రెండో తాళంచెవి

మా అత్త సిటీ బస్సు డ్రైవరు. అత్తంటే మా అమ్మ తమ్ముడి భార్య. ఆవిడ గొంతు పెద్దది, కోపం ఇంకా పెద్దది. మా అమ్మ చాటుమాటుగా ఆవిడకి "హారన్" అని పేరు పెట్టుకుంది. అది ఎలాగో ఆవిడ చెవిన పడింది. "హారన్ ఊరికే మోగదు వదినా, ఎవరైనా అడ్డం వస్తేనే మోగుతుంది" అని మొహమ్మీదే అనేసింది. అమ్మ నవ్విందిగానీ ఆ మాట మాత్రం మనసులో పెట్టుకుంది.

పరాయి దేశంలోని ఆ నగరానికి ముందు వచ్చింది మేము. అమ్మ అక్కడ మందుల షాపులో పనిచేసేది. నేనూ చదువు అయిపోయి ఉద్యోగంలో చేరాను. మామయ్యకి ఒక పెద్ద బేకరీలో పని దొరికితే, వాళ్ళిద్దరూ తర్వాత వచ్చారు. మామయ్య తెల్లవారకముందే వెళ్ళి ఓవెన్ల ముందు నిలబడి, జనం ఆఫీసులకి బయలుదేరే వేళకి ఇంటికొచ్చి పడుకునేవాడు. చెవుల వెనక, కనుబొమల మీద ఎప్పుడూ పిండి ఉండేది. నెమ్మదైన మనిషి. ఎవరైనా కాలు తొక్కినా తనే క్షమించమనే రకం.

అత్త అలా కాదు. పెళ్ళికి ముందే వాళ్ళ నాన్న సరుకుల వ్యాను నడిపి చేయి తిరిగిన మనిషి. ఇక్కడికొచ్చాక ఇక్కడి భాష పట్టుబట్టి నేర్చుకుంది. లైసెన్సు పరీక్ష మొదటిసారి తప్పింది, ఆ పరీక్ష పెట్టినాయన్ని ఇంటికొచ్చి తిట్టుకుంది, రెండోసారి గెలిచింది. అంత పెద్ద బస్సుని సందుల్లోంచి వెన్నలో కత్తి దింపినట్టు తిప్పేది. కానీ బస్సులో ఎవరేమన్నా నోరు విప్పకూడదు. అది ఉద్యోగధర్మం. చిల్లర లేదని ఒకడు, ఆలస్యమైందని ఒకతె, యాస బాగోలేదని ఇంకొకడు. ఆ మాటలన్నీ మింగి ఇంటికి తెచ్చి, స్టవ్వు ముందు నిలబడి, గరిటెకి చెప్పుకునేది.

ఇల్లు దొరికేదాకా వాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు. మా హాల్లో మడత సోఫా ఒకటుండేది, అదే వాళ్ళ పడకగది. మామయ్య పగలు పడుకోవాలి. మేము పగలు తిరగాలి. అమ్మ మిక్సీ వేయాలంటే తమ్ముడు లేస్తాడేమోనని ఆగేది. ఆగినందుకు చిరాకు పడేది. "ఎన్నాళ్ళైనా ఉండండమ్మా, ఇది మీ ఇల్లు కాదా" అని నోటితో అంటూనే, సోఫా మీద దుప్పటి మడతపెట్టేటప్పుడు గట్టిగా నిట్టూర్చేది. ఆ నిట్టూర్పు అత్తకి వినపడాలనే అని నాకు అనుమానం.

డ్యూటీ దిగగానే అత్త ఇళ్ళకోసం ఫోన్లు మొదలుపెట్టేది. అవతలివాళ్ళు రెండు మాటలు వినేసరికి గొంతు మార్చేవాళ్ళు. ఎక్కడివాళ్ళు మీరు? వంట బాగా చేస్తారా? చుట్టాలు ఎక్కువా? అన్నిటికీ జవాబు చెప్పాక, "అయ్యో, ఇప్పుడే ఎవరికో ఇచ్చేశామండీ" అనేవాళ్ళు. ఒకసారి అలా ఫోన్ పెట్టేసిన ఇంటికే, డిపోలో తనతో పనిచేసే ఆ ఊరావిడ చేత మళ్ళీ చేయించింది. "ఖాళీయే, రేపు వచ్చి చూసుకోండి" అంది ఇంటావిడ తియ్యగా. అత్త ఆ ఫోన్ లాక్కుంది.

"ఇందాక ఇచ్చేశానన్నారు కదమ్మా. ఇంతలోనే వాళ్ళు ఖాళీ కూడా చేసేశారా? అంత మంచి ఇల్లా అది?"

అవతల ఫోన్ పెట్టేశారు. డిపో అంతా నవ్విందట. అత్తకి మాత్రం నవ్వు రాలేదు. ఆ రోజు మా ఇంటికొచ్చి అన్నం తినకుండా సోఫా మీద గోడవైపు తిరిగి కూర్చుంది.

అప్పుడు అమ్మ కల్పించుకుంది. అమ్మ షాపుకి రక్తపోటు మాత్రల కోసం నెలనెలా వచ్చే పెద్దాయన ఒకడున్నాడు. ఏదో ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. భార్య పోయింది. మూడంతస్తుల సొంత ఇల్లు, కింద తనుంటాడు, పైవి అద్దెకిస్తాడు. పై అంతస్తు ఖాళీ అయిందని మాటల్లో చెప్తే, అమ్మ తమ్ముడి సంగతి ఎత్తింది. ఆయన కాసేపు ఆలోచించి, "మీరు చెప్తున్నారు కాబట్టి ఇస్తాను. మీ మాట మీద ఇస్తున్నానని మర్చిపోకండి" అన్నాడట.

అమ్మ ఇంటికొచ్చి ఆ మాట నాలుగుసార్లు చెప్పింది. తన మాటకి ఆ ఊళ్ళో ఒక విలువుందని తెలిసిన రోజు అది. అమ్మ ముఖం వెలిగిపోయింది. నిజం చెప్పాలంటే, మా అందరి ముఖాలూ వెలిగాయి.

ఇల్లు చిన్నదే. రెండు గదులు, వంటగది, కిటికీ లేని స్నానాలగది. నడిస్తే చెక్క నేల కిర్రుమనేది. కానీ వంటగది కిటికీ పెద్దది. అందులోంచి నాలుగు రోడ్ల కూడలి కనబడేది. అత్త మొదటిరోజు ఆ కిటికీ దగ్గర నిలబడి, కింద మలుపు తిరుగుతున్న బస్సుని చూసి, "వీడికి మలుపు తిప్పడం రాదు" అంది సంతోషంగా. పసుపుపచ్చ గుడ్డ కొని తనే కుట్టి కర్టెన్లు కట్టింది. బట్టలు ఆరేసుకోవడానికి మడత స్టాండు కొంది. తలుపేసుకుని, మామయ్య పక్కన కూర్చుని, గొంతెత్తి పాట పాడిందట. మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆవిడ పాడుతుందని మాకే తెలియదు.

కొన్నాళ్ళకి ఇంట్లో వస్తువులు జరగడం మొదలైంది.

గదిని వెచ్చబెట్టే హీటరు మీట తను ఎక్కడ పెట్టి వెళ్తే అక్కడ ఉండేది కాదు, తగ్గించి ఉండేది. తీసి వెళ్ళిన కిటికీ మూసి ఉండేది. బట్టల స్టాండు గోడవైపుకి జరిగి ఉండేది. మామయ్యని అడిగితే, "నేనే, నేనే జరిపాను" అనేవాడు. అత్త నమ్మింది. పగలు నిద్రపోయేవాడికి హీటరుతో పనేంటని ఒకటి రెండుసార్లు విసుక్కుంది. ఒకరోజు స్టాండు మీద ఆరేసిన బట్టలు మడతపెట్టి కుర్చీలో పేర్చి ఉన్నాయి. తన లోపలి బట్టలతో సహా. పెళ్ళైనప్పటినుంచి మామయ్య ఒక్క తువ్వాలు మడతపెట్టిన పాపాన పోలేదు.

"ఇదేంటండీ కొత్తగా?" అని ముచ్చటపడి అడిగింది.

మామయ్య నీళ్ళు నమిలాడు. "ఏదో... ఖాళీగా ఉన్నాను కదా అని."

అత్త ఆ రోజు మా ఇంటికి ఫోన్ చేసి మరీ చెప్పింది, మీ తమ్ముడు మారిపోయాడు వదినా అని. అమ్మ మురిసిపోయింది.

తర్వాత ఒక ఉదయం అత్త బస్సు రోడ్డు మధ్యలో ఆగిపోయింది. ఇంజన్లోంచి పొగ. ప్రయాణికుల్ని దింపి, బస్సుని లాక్కెళ్ళే బండి వచ్చేదాకా ఉండి, ఆ రోజుకి వేరే బస్సు లేదని డిపోలో ఇంటికి పొమ్మంటే, ఎండ బాగా ఉండగానే ఇల్లు చేరింది. తాళం తిప్పి లోపలికి అడుగుపెట్టింది.

వంటగదిలో ఇంటాయన ఉన్నాడు. ఇంట్లో తిరిగే మెత్తటి చెప్పులు వేసుకుని, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, అల్మారా తలుపులు తెరిచి లోపలికి తొంగిచూస్తున్నాడు. పసుపుపచ్చ కర్టెన్ ఒక పక్కకి ఈడ్చి ముడేసి ఉంది. పడకగదిలోంచి మామయ్య గురక వినబడుతోంది.

ఆయన ఉలిక్కిపడలేదు. తల తిప్పి చూసి, "ఇవాళ తొందరగా వచ్చేశావే?" అన్నాడు.

ఆ ఒక్క ముక్కకి అత్తకి అరికాలి మంట నెత్తికెక్కింది. తర్వాత ఎన్నిసార్లు చెప్పినా ఈ మాట దగ్గర ఆవిడ ఆగి, ఆయన గొంతుతోనే దాన్ని మళ్ళీ అనేది. దొరికిపోయిన మనిషి అనే మాటా అది? తన ఇంటికి తను ఏ వేళకి రావాలో ఆ లెక్క ఆయన దగ్గర ఉన్నట్టు.

"మీరిక్కడేం చేస్తున్నారు?" అంది అత్త, వాళ్ళ భాషలోనే.

"చూస్తున్నాను. మీరు నూనె ఎక్కువ వాడతారు. గోడలు పాడైపోతాయి. ఇదిగో, ఇక్కడ చూడు" అని స్టవ్వు వెనక గోడని వేలితో రుద్ది చూపించాడు. ఆ వేలు జిడ్డుగా కూడా లేదు.

"మా ఇంట్లోకి ఎలా వచ్చారని అడుగుతున్నాను."

"నా ఇల్లు" అన్నాడు ఆయన, చిన్నపిల్లకి చెప్పినట్టు. జేబులోంచి తాళంచెవి తీసి చూపించాడు కూడా.

ఇక అత్తకి ఆ భాష సరిపోలేదు. బస్సులో ఇన్నాళ్ళూ మింగినవన్నీ కలిసి తెలుగులో బయటికొచ్చాయి. ఆయన ఏడు తరాలనీ పేరు పేరునా పలకరించింది. ఆయనకి ఒక్క ముక్క అర్థం కాకపోయినా మొత్తం అర్థమైంది, రెండడుగులు వెనక్కి వేశాడు. ఆ అరుపులకి మామయ్య లేచి, లుంగీ సర్దుకుంటూ, కళ్ళు నలుపుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. భార్యని చూశాడు, ఇంటాయన్ని చూశాడు.

"టీ పెట్టనా?" అన్నాడు.

అత్త నోరు పడిపోయినట్టు ఆగిపోయింది. మామయ్య ముఖంలో ఆశ్చర్యం లేదు. నిద్రమబ్బు ఉంది, భయం ఉంది, ఆశ్చర్యం మాత్రం లేదు. ఇంటాయన ఆ సందు చూసుకుని, "వద్దులే, ఇంకోసారి తాగుతాను" అని, చెప్పులు టపటపలాడించుకుంటూ మెట్లు దిగిపోయాడు.

ఇంకోసారి.

"ఎన్నాళ్ళనుంచి?" అంది అత్త.

మామయ్య మంచం అంచున కూర్చున్నాడు. "మొదట్నించీ" అన్నాడు.

మొదటిసారి ఏదో చప్పుడైతే లేచి చూశాడట. ఇంటాయన వంటగదిలో నిలబడి, పెదవుల మీద వేలు పెట్టుకుని, నువ్వు పడుకో, పడుకో అని సైగ చేశాడట. మామయ్య వెనక్కి వెళ్ళి పడుకున్నాడు! నిద్ర పట్టలేదట. కానీ పడుకున్నాడు. తర్వాత ఒకరోజు ఆయన టీ అడిగితే పెట్టిచ్చాడు. చక్కెర డబ్బా ఎక్కడుందో వెతుక్కుంటుంటే, ఆయనే పై అరలోంచి తీసిచ్చాడట.

"బట్టలు?" అంది అత్త.

మామయ్య దుప్పటి కొస మడతపెట్టసాగాడు.

"నా బట్టలు మడతపెట్టింది ఆయనా? నోరు తెరిచి చెప్పండి."

"నేను నిద్రలో ఉన్నాను. లేచేసరికి కుర్చీలో ఉన్నాయి. నువ్వడిగితే... నేనే అన్నాను."

"నేను మురిసిపోయాను కదండీ! మీ అక్కకి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాను కదండీ!"

చెప్పొద్దూ, అత్త ఎంత కోపంలోనూ మామయ్యని మీరు అనడం మానేది కాదు. ఆ 'మీరు' వింటుంటే 'నువ్వు' కంటే భయం వేసేది. మామయ్య తల వంచుకుని, "మళ్ళీ అక్క వాళ్ళ హాల్లోకి పోలేను. ఎన్ని ఇళ్ళు అడిగాం? ఎవరిచ్చారు? ముసలాయన, ఒంటరివాడు, చూసి పోతున్నాడులే అనుకున్నాను. నీకు చెప్తే నువ్వు ఊరుకోవు. నీ కోపానికి భయపడే చెప్పలేదు" అన్నాడు.

ఈ చివరి మాట అత్తని అన్నిటికంటే ఎక్కువ కాల్చింది. తలుపు తీసుకుని వచ్చినవాడిది తప్పు కాదు, టీ ఇచ్చినవాడిది తప్పు కాదు, తన కోపానిది తప్పన్నమాట. ఆవిడ చెప్పులు వేసుకుని నేరుగా మా ఇంటికొచ్చింది.

ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. అమ్మ కూరలు తరుగుతోంది. అత్త కూర్చోకుండానే జరిగిందంతా చెప్పింది. అమ్మ కత్తి ఆపకుండా విన్నది.

"పెద్దాయన కదమ్మా. ఇల్లు ఆయనది. గోడలు, పొయ్యి చూసుకోవాలనిపిస్తుంది. దానికింత రాద్ధాంతమా?"

"చూసుకోవాలంటే చెప్పి రావాలి వదినా. నేనున్నప్పుడు రావాలి."

"నువ్వెప్పుడుంటావు, పొద్దస్తమానం రోడ్ల మీదేగా."

"సరే, మీ ఇంటి తాళంచెవి కూడా ఆయనకివ్వండి. మీరు షాపులో ఉన్నప్పుడు వచ్చి మీ బీరువా సర్దిపెడతాడు."

అమ్మ కత్తి ఆగింది. "అదేం మాట?"

"మాట కాదు, జరిగిందే చెప్తున్నాను. నేను ఆరేసుకున్న లోపలి బట్టలు ముట్టుకుని, మడతపెట్టి, కుర్చీలో పేర్చి వెళ్ళాడు. ఇంకా విడమరిచి చెప్పాలా?"

అమ్మ ముఖం మాడిపోయింది. ఒక్క క్షణం ఏదో అనబోయింది. కానీ నోటివెంట వచ్చింది ఆ పాత ముక్కే. "నా మాట మీద ఇచ్చాడమ్మా ఆయన ఆ ఇల్లు. నా పరువు తియ్యకు."

"మీ మాట మీద ఇల్లిచ్చాడు వదినా. ఇంటితోపాటు నన్ను కూడా రాసివ్వలేదుగా మీరు!"

తలుపు ధడాలుమంది. ఆ తర్వాత చాలాకాలం వాళ్ళిద్దరికీ మాటల్లేవు.

డిపోలో ఎవరో చెబితే, అద్దెకుండేవాళ్ళ కోసం పనిచేసే సంఘం ఒకటుందని తెలిసి, అత్త అక్కడికి వెళ్ళింది. ముక్కు చీదుకుంటూ, వేడినీళ్ళు తాగుతూ ఒకావిడ అంతా విని, ఇలాంటివి రోజూ వింటున్నట్టు నీరసంగా చెప్పింది. నిప్పంటుకుంటేనో, పైపు పగిలితేనో తప్ప చెప్పకుండా లోపలికి వచ్చే హక్కు ఆయనకి లేదు. మీ ఖర్చుతో మీరు తాళం మార్చుకోవచ్చు, పాతది దాచిపెట్టి వెళ్ళేటప్పుడు బిగిస్తే చాలు. కానీ ఏడాది ఒప్పందం అయిపోయాక ఆయన మళ్ళీ మీకివ్వడు. ఇవ్వమని ఎవరూ ఒత్తిడి చెయ్యలేరు.

"అంటే తప్పు చేసింది ఆయన, సామాన్లు సర్దుకోవాల్సింది నేనా?"

"చాలాసార్లు అంతే" అంది ఆవిడ.

ఆ నిజాయితీకి కూడా అత్తకి కోపమొచ్చింది. అయినా అక్కణ్ణించి తిన్నగా ఇనప సామాన్ల షాపుకెళ్ళి కొత్త తాళం కొంది. షాపావిడ కాగితం మీద బొమ్మ గీసి ఎలా బిగించాలో చూపించింది. ఇంటికొచ్చి స్క్రూడ్రైవరు పట్టుకుని తలుపు ముందు కూర్చుంది. మొదట తలకిందులుగా బిగించింది, మళ్ళీ విప్పింది, వేలు చీరుకుపోయింది. మామయ్య పక్కన నిలబడి, "నేను పట్టుకోనా?" అన్నాడు. "ఇన్నాళ్ళూ పట్టుకున్నది చాలు" అంది. పనైపోయాక కొత్త తాళంచెవి ఒకటి మామయ్య చేతిలో పెట్టింది. పాత తాళాన్ని గుడ్డలో చుట్టి, కిందికెళ్ళి ఇంటాయన తలుపు కొట్టింది.

"తాళం మార్చాను. మీది నా దగ్గర జాగ్రత్తగా ఉంది, వెళ్ళేరోజు బిగించి వెళ్తాను. మీరు రావాలంటే ముందు చెప్పండి, నేనున్నప్పుడు రండి. గోడలు చూపిస్తాను."

"మంచితనానికి రోజులు కావు" అన్నాడు ఆయన. "నీలాంటి వాళ్ళకి ఇల్లివ్వడమే నా పొరపాటు."

"నాలాంటివాళ్ళంటే ఎవరు?" అంది అత్త. ఆయన తలుపేసుకున్నాడు.

మర్నాడు అత్త స్టీరింగు ముందు కూర్చుని బస్సు నడుపుతోందేగానీ మనసంతా ఇంటి గుమ్మం దగ్గరే ఉంది. ఆయన వస్తాడని తెలుసు. మామయ్య ఏం చేస్తాడో తెలియదు. తెరుస్తాడు, టీ పెడతాడు అనే అనుకుంది. దారిపొడుగునా ఆ టీ గురించే పళ్ళు నూరుకుందట.

ఆయన వచ్చాడు. తాళంచెవి తిప్పబోయాడు, అది దూరలేదు. తలుపు బాదాడు. మామయ్య నిద్రపోలేదు, మంచం మీద కూర్చుని ఉన్నాడు. బాదుడు ఆగకపోయేసరికి లేచి తలుపు తీశాడు. తీసి పక్కకి తప్పుకోలేదు. మామయ్య ఆజానుబాహువు, పిండి బస్తాలు మోసిన భుజాలు. గుమ్మం నిండా నిలబడ్డాడు. ఆ భాషలో మామయ్యకొచ్చిన మాటలు పట్టుమని పిడికెడు లేవు. వాటిలోంచి ఒకటి ఏరుకున్నాడు.

"వద్దు."

ఇంటాయన ఏదేదో అన్నాడు. మామయ్య మళ్ళీ "వద్దు" అన్నాడు. ఇంటాయన చెయ్యెత్తి మామయ్య భుజం మీద వేసి పక్కకి నెట్టబోయాడు. మామయ్య ఆ చేతిని పట్టుకుని, మెల్లగా, ఓవెన్లోంచి వేడి రేకుని దించినట్టు, కిందికి దించాడు. తలుపేశాడు. వేశాక అక్కడే నేల మీద కూలబడ్డాడు.

సాయంత్రం అత్తకి ఇదంతా చెప్పాడు, ఏదీ దాచకుండా, కూలబడిన సంగతితో సహా. మెచ్చుకుంటుందని ఆశపడ్డాడు పాపం.

"ఇన్నాళ్ళూ ఆ మాట ఎక్కడ పెట్టారండీ?" అంది అత్త. అని, లోపలికెళ్ళి చాలాసేపు కుళాయి తిప్పి ముఖం కడుక్కుంది.

ఇంటాయన ఫిర్యాదు పట్టుకుని మందుల షాపుకెళ్ళాడు. అమ్మ ఆయనకి సర్దిచెప్పబోయి, ఉండబట్టలేక, బట్టల సంగతి నిజమేనా అని అడిగిందట. ఆయన నవ్వి, "శుభ్రంగా ఉంటున్నారో లేదో చూసుకోవాలి కదా, మీ వాళ్ళ సంగతి మీకు తెలియనిదేముంది" అన్నాడట. అమ్మ మాత్రలు కౌంటరు మీద పెట్టి, ఇకనుంచి పక్క కౌంటరుకి వెళ్ళమంది. ఈ సంగతి నాకు అమ్మతో పనిచేసేవాళ్ళు చెప్పారు. అమ్మ మాకు చెప్పలేదు. అత్తకి అసలే చెప్పలేదు. చెప్పి ఉంటే ఒక పూటలో పోయే పట్టింపు, ఆత్మాభిమానం అడ్డొచ్చి, అలాగే నడిచింది.

మిగతా నెలలు అత్త ఆ ఇంట్లో శత్రుస్థావరంలో ఉన్నట్టు ఉంది. మెట్ల మీద దీపం మాడిపోతే ఆయన మార్చలేదు. హీటరు పాడైతే మనిషిని పంపడానికి ఆలస్యం చేశాడు. చలిలో స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని తిరిగారు. ఎదురుపడితే ఆయన గోడవైపు చూసేవాడు, అత్త తిన్నగా ఆయన కళ్ళలోకే చూసేది. పాట మాత్రం మళ్ళీ పాడలేదు. ఆ కోపం ఆవిడని లోపల ఎంత తిన్నదో నాకు తెలుసు. అన్నం సహించేది కాదు. బస్సులో ఒక ముసలాయన మామూలుగా "ఇవాళ తొందరగా వచ్చావే" అంటే, స్టీరింగు మీద చేతులు బిగుసుకుపోయాయట.

సంఘం ఆవిడ చెప్పినట్టే, ఏడాది ముగిసేముందు ఖాళీ చెయ్యమన్నాడు. అత్త మళ్ళీ ఫోన్లు మొదలుపెట్టింది. డిపోకి దూరంగా, ఒక మెకానిక్ షెడ్డు పైన ఇల్లు దొరికింది. కిటికీ తీస్తే టైర్ల వాసన. ఇక్కడికంటే ఒక గది తక్కువ. సరేనంది.

వెళ్ళేముందు వారం, ఇంటాయన కొత్తవాళ్ళకి ఇల్లు చూపించడానికి వచ్చాడు. ఈసారి ముందుగా చీటీ అంటించి, వేళ చెప్పి, తలుపు కొట్టి మరీ వచ్చాడు. రూల్స్ అన్నీ ఆయనకి మొదట్నించీ తెలుసని అప్పుడర్థమైంది అత్తకి. సామాన్లు సర్దడానికి నేనూ వెళ్ళాను కాబట్టి, ఇది కళ్ళారా చూశాను.

ఆయన వెనక ఒక చిన్న వయసు జంట. వాళ్ళదీ ఆ దేశం కాదు, మన దేశమూ కాదు. ఆ అమ్మాయి నేల మాసిపోతుందని తన చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి వచ్చింది. ఇల్లంతా చూస్తున్నంతసేపూ వాటిని కింద పెట్టలేదు. అబ్బాయి ఇంటాయన చెప్పే ప్రతి మాటకీ తలూపుతున్నాడు. ఎవరివో సామాన్లు దాచే కొట్టుగదిలో ఉంటున్నారట.

వాళ్ళు వంటగదిలోకి రాగానే అత్త ఆ అమ్మాయికి ఎదురెళ్ళి నిలబడింది. ఇంటాయన పక్కనుండగానే, ఒక్కో మాటా స్పష్టంగా, స్టాపు పేర్లు చెప్పే గొంతుతో చెప్పింది.

"ఈయన దగ్గర రెండో తాళంచెవి ఉంటుంది. మీరు లేనప్పుడు లోపలికి వస్తాడు. అల్మారాలు తెరుస్తాడు. మీ బట్టలు ముట్టుకుంటాడు. చేరిన రోజే తాళం మార్చుకో."

ఇంటాయన ముఖం కందగడ్డ అయింది. "ఈవిడకి కోపం ఎక్కువ. పట్టించుకోకండి" అన్నాడు. అబ్బాయి ఆయనవైపు చూసి నవ్వాడు. ఏం చెయ్యాలో తెలియనివాళ్ళు నవ్వే నవ్వు.

ఆ అమ్మాయి అత్తనే చూస్తోంది. అంతా అర్థమైంది. అర్థమైందని ఆ కళ్ళే చెప్తున్నాయి. చెప్పుల్ని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

"అలాగేనండీ" అంది మెల్లగా. తర్వాత, "కుళాయిలో నీళ్ళు బాగా వస్తాయా?" అని అడిగింది.

అత్త చెయ్యి చాచి కుళాయి తిప్పి చూపించింది. "వస్తాయి" అంది.

వాళ్ళు కిందికి దిగి ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. అత్త వంటగదిలో నిలబడి పసుపుపచ్చ కర్టెన్లు కడ్డీలోంచి లాగింది. విప్పలేదు, లాగింది. గుడ్డ చిరిగింది. ఆవిడ కోపాలు నేను చాలా చూశాను. అలాంటిది మాత్రం అదివరకు చూడలేదు, తర్వాతా చూడలేదు. అరుపు లేదు, ఒక్క మాట లేదు.

ఖాళీ చేసినరోజు పాత తాళం బిగించి, ఆయన గుమ్మం ముందు తాళంచెవులు పెట్టి, అద్దె వ్యాను తనే నడిపింది. మామయ్య పక్కన కూర్చున్నాడు, నేను వెనక మూటల మధ్య. అమ్మ మాతో రాలేదు గానీ మా చేతికి అన్నం డబ్బా పంపింది. అత్త దాన్ని ఒళ్ళో పెట్టుకోమని మామయ్యకిచ్చింది. వెనక్కి మాత్రం పంపలేదు.

కొంత దూరం పోయాక మామయ్య, "పోనీలే, బయటపడ్డాం. ఇక వాళ్ళ తిప్పలు వాళ్ళు పడతారు, మనకెందుకు" అన్నాడు.

"మనకెందుకంటారేంటండీ?" అని అత్త అందుకుంది.

ఇక ఆగలేదు. అన్ని సిగ్నళ్ళ దగ్గరా అదే గొడవ. ఆ పిల్లకి ఇంకా గట్టిగా చెప్పాల్సింది అని అత్త, చెప్పినా ఏం చేస్తుంది, మనమేం చేశాం అని మామయ్య. "మనమేం చేశామా? నేను తాళం మార్చాను. మీరు అడ్డం నిలబడ్డారు. ఆ అబ్బాయి నిలబడతాడా? ఆ నవ్వు చూశారా?" "చూశాను. నేనూ అలాగే నవ్వాను మొదట్లో." ఆ మాటకి అత్త బ్రేకు వేసి ఆయనవైపు తిరిగింది. వెనకనుంచి ఎవరో హారన్ కొట్టారు. "ఉండవయ్యా!" అని కిటికీలోంచి తెలుగులో కేకేసింది.

మెకానిక్ షెడ్డు దగ్గర వ్యాను దిగాక కూడా వాళ్ళు ఆపలేదు. మంచం చెరో కొసా పట్టుకుని మెట్లెక్కుతూ, మలుపు దగ్గర ఇరుక్కుని, పైకా కిందికా అని అరుచుకుంటూ, మధ్యలో మళ్ళీ ఆ పిల్ల సంగతికి వస్తూ. కింద మెకానిక్కులు చేతిలో పనాపి నోళ్ళు తెరుచుకుని చూశారు. ఒకడు చేతులు తుడుచుకుని వచ్చి, మంచం మధ్యలో భుజం పెట్టి, మాట్లాడకుండా పైకి మోశాడు.